కాచని తప్పెట

సుంకన్నని ఒకాయన ఉన్నాడంట, తప్పెట కొట్టేటోడు. కొండమీద కోటలో రాజు ఉంటాడు గదా, ఆ రాజు ఏ మాట చెప్పినా ఊళ్లోకొచ్చి తప్పెట కొట్టి చాటేది సుంకన్నే. వాళ్ల నాయనదీ అదే పని, వాళ్ల తాతదీ అదే పని. ఆ కాలంలో కట్టుబాటు ఏందంటే, తప్పెట మోగితేనే రాజు మాట మాటంట. మోగిందా, మూడు దినాల్లో ఊరు చేసి తీరాల. మోగలేదా, రాజు బంటైనా సరే ఎవురింటి గడపా దాటగూడదు. ఆ రాజు తాతే దేవుని ముందర దీపమార్పి ప్రమాణం చేసి పెట్టినాడంట ఆ కట్టుబాటు. ఓబులమ్మా, శనక్కాయలు ఒలిచి గంపలో వేయమంటే నోట్లో వేసుకుంటాండావే? అవి ఇత్తనాలు తల్లీ. నా కండ్లు ఇంకా పోలేదు. ఆఁ, యాడున్నాం?

ఏమైందంటే, రెండేండ్లు వాన సరిగా పల్లేదు. మొదటేడు పండిందాంట్లో సగం కోటకెత్తుకోని పోయినారు. జనం సరేలే అనుకున్నారు. రెండో ఏడు కళ్లంలో ఉండేదంతా ఊడ్చుకోని పోయినారు. జనం ఆకూ అలమూ తిని, దానికీ సరేలే అనుకున్నారు. మన జనం సంగతి తెలుసు గదా మీకు, నెత్తిన బండ పెట్టినా మెడ సర్దుకుంటారే గానీ బండ దించమనరు. ఇంగ మిగిలిందేంది? ఇత్తనాలు. ఇంటికొక బానలో కొర్రలు పోసి, బూడిద కలిపి, మూతికి పేడమన్ను మెత్తి పెట్టుకోనుండారు. బిడ్డలు ఆకలని ఏడ్చినా ఆ బాన ముట్టలేదు. ఒక ముసలాయనైతే ఆ బాన పక్కనే పండుకోని ఆకలితో ప్రాణం ఇడిసినాడంట, మూత మాత్రం ఇప్పలేదంట. అట్లాంటప్పుడు, అనుకో, రాజుకు అరవై ఏండ్లు నిండినాయి. పండగ చేయాల, యాడాడి దొరలో వస్తారు, వాళ్లకు కూడొండి పెట్టాల. ఇంటింటి ఇత్తనాల బాన కోటకు తెండి అన్నాడు. ఏం పుట్టిందో చూడండి ఆయప్పకు పోయేకాలం!

దళవాయని ఒకడు, రాజు సేనకు పెద్ద, పొద్దున్నే ఇద్దరు బంట్లను తోడేసుకోని సుంకన్న ఇంటికొచ్చి, చాటింపుంది లెయ్‌రా అన్నాడు. ఏం చాటాలో చెప్పినాడు. వాళ్లను వాకిట్లో నిలబెట్టి, సుంకన్న తప్పెట తీసుకునేదానికి లోపలికి పోయినాడు. పెండ్లాం ఈరక్క పొయ్యికాడ ఉండాది. ఏం చేసేది మే, చాటకపోతే తల తీస్తారు అన్నాడు. ఆమేమనిందంటే, చాటితే మాత్రం బతుకుతామా? కళ్లంకాడ ఇంటింటోళ్లూ చేటెడు పెడితే తినేటోళ్లం మనం. ఇత్తనాలు పోతే పంట యాడిది, కళ్లం యాడిది, నీకు చేటెడు పెట్టేదెవురు? అని, పొయ్యిలో మండుతాండే కట్టెను బయటికి లాగి నీళ్లు చల్లి ఆర్పేసింది. పో, అట్లే పోయి కొట్టు అనింది. సుంకన్నకు అర్థమైపాయ. తప్పెట తోలు గదప్పా, మంటకాడ కాస్తేనే బిర్రుగా లేచి కంగుమంటాది. అందులో చలికాలం, మంచుకు నాని ఉండాది. కాచకుండా కొడితే గోనెసంచి మీద కొట్టినట్టే. ఇది మనకు తెలుసు. గుర్రమెక్కి తిరిగే దళవాయికేం తెలుసు?

నడివీధిలో నిలబడి కొట్టినాడు. తుప్పు, తుప్పు. రోజూ గొంతు చించుకోని చాటేటోడు ఆ పొద్దు లోపల్లోపలే గొణిగినాడు. జనం తొంగి చూసి, ఇదేందప్పా, సుంకన్న తప్పెట కాచుకోకుండా వచ్చినాడే అనుకున్నారు. అనుకోని, గమ్మున తలుపులేసుకున్నారు. మూడు దినాలైనాక బంట్లు గంపలెత్తుకోని వచ్చిరి. మొదటిల్లు కదిరమ్మని ఒక ముసలామెది. ఏం ముసలీ, బాన యాడ? అంటే, ఏం బాన నాయనా? అనె. చాటింపు వినలేదా? వినపల్లేదే. తప్పెట మోగితే గదా వినేది! పక్కింటికి పోయిరి, వినపల్లేదు. ఎదురింటికి పోయిరి, వినపల్లేదు. కాపోళ్లింట్లో వినపల్లేదు, కుమ్మరోళ్లింట్లో వినపల్లేదు, చాకలోళ్లింట్లో వినపల్లేదు. ఊరు ఊరంతా ఒక్కసారే చెవుడొచ్చినట్టు అదే మాట. దేవుని ప్రమాణం గదా, బంట్లకు గడప దాటేదానికి భయం, ఒట్టి గంపలతో ఎనక్కి పోయినారు. ఈ సంగతి సంతలో ఆ నోటా ఈ నోటా పడి ఆ రాజు కింద ఉండే నలభై పల్లెలకూ పాకె. బంట్లు ఏ ఊరికి పోయినా తప్పెట కాచేటోడు లేడంటే నమ్మండి.

కోటలో ఎవురో చెప్పినట్టుండారు దళవాయికి, ఒరే పిచ్చోడా, అది కాయాలరా అని. సుంకన్నను రెక్కలిరిచి కట్టి కోట ముంగిట్లోకి తెచ్చినారు. జొన్నచొప్ప వేసి మంట పెట్టి, కట్లిప్పినారు. రాజు మేడమీద కూకోనుండాడు. కాచి చాటరా అన్నాడు. సుంకన్న తప్పెటను చూసినాడు, మంటను చూసినాడు. సామీ, మా తాత కొట్టినాడు, మా నాయన కొట్టినాడు, నేనూ కొట్టినా. ఏం చాటమన్నా చాటినా. ఈ ఒక్కటీ చాటను అని తప్పెటను మంట నడిమిట్లో పడేసినాడంట! చూస్తాండంగానే తోలు ముడుచుకోని, చిట్లి, బూడిదైపాయ. అన్నం పెట్టిన తప్పెట గదా, సుంకన్నకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట, మాట మాత్రం మార్చలేదు. రాజుకు ఒళ్లు మండిపాయ. కొట్లో వేయండి వీణ్ణి, పండగనాడు దొరలందరి ముందర తల తీయండి అన్నాడు.

ఈరక్క ఏడ్చింది. ఎందుకేడ్వదు, మొగుడు గదా. రెండు దినాలు ఏడ్చింది. పండగనాడు తెల్లారినాక మొగం కడుక్కోని, కొక్కేనికి తగిలించిన తాతకాలం తప్పెట దించింది. ఆ కాలంలో ఆడది తప్పెట ముట్టగూడదు. ముట్టింది, ఏం చేస్తారు? నడివీధిలో నిలబడి, ఇంటికింత చొప్ప తెండి అనింది. కదిరమ్మ తన కొట్టం కప్పులో నుంచే పెరికి తెచ్చింది. ఆమె ఎనక ఊరంతా తెచ్చె. మంట లేచె. ఈరక్క కాచింది. ఏలితో మీటి చూసి, చాల్లేదని ఇంకా కాచింది. కొడితే, అబ్బా, కంగుమని కొండకు తగిలి ఎనక్కొచ్చిందంట! వినండహో! ఇత్తనాలు ఇంట్లోనే ఉంటాయి. మన మనిషి కోటలో ఉండాడు. తెచ్చుకోను పోతాండాం. ఇంటికొకరు కదలాలహో! పక్కూరోళ్లు వినిరి, ఆ ఊరి తప్పెట కాగె. అవతలూరోళ్లు వినిరి, ఆ ఊరిదీ కాగె. పొద్దు నడినెత్తికొచ్చే యాళకు నలభై తప్పెట్లు, వాటెనక జనం, కొండదోవ కనపల్లేదంట.

రాజు ఇస్తరి ముందర నుంచి లేచొచ్చి, నేనేం చాటమనలేదే, ఎవురిదిరా ఈ చాటింపు? అన్నాడు. దళవాయి బంట్లను కేకేసినాడు, అంత జనాన్ని చూసి ఒక్కడూ ముందుకు రాలేదు. కోట వాకిట్లో కావలోడు నాగన్నని ఒకడుండాడు. వాడూ పల్లెలో పుట్టినోడే, వాళ్లమ్మ ఇంట్లోనూ ఒక బాన ఉండాది. తలుపు మూయ్‌రా నాగా! అని రాజే మేడమీద నుంచి అరిచినాడు. నాగన్న చెవికాడ చెయ్యి పెట్టుకోని, ఏంది సామీ? నాకు వినపల్లేదు. మీ తప్పెట మోగలేదు గదా, అని తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి పక్కకు నిలబడినాడు. ఈరక్క లోపలికి పోయి మొగుని చెయ్యి పట్టుకోని బయటికి తెచ్చుకునింది.

ఆ పొద్దే రాజు దిగిపోయినాడని అనుకోగాకండి. ఆయన ఊరికే దిగుతాడా? కొట్లాటలైనాయి, మనుషులు పోయినారు, ఇంకా మూడేండ్లు పట్టిందంట కోట పడేదానికి. అదంతా నాకు తెలీదు, నేను చూసొచ్చినానా ఏంది? నాకు తెలిసింది ఒకటే, ఆ ఏడు తొలకరి పడితే ఇత్తేదానికి ప్రతింట్లో కొర్రలుండాయంట. అయిపాయ, ఇంగ ఒలవండి. ఓబులమ్మా, ఏదీ, నోరు తెరువు. మింగేసినావా? ఇంతసేపు నేను చెప్పింది నీకు వినపల్లేదామ్మే?