మూడు స్వరాల లెక్క

ఆత్మకూరు బస్టాండులో వనపర్తి బస్సు కోసం చూస్తున్న ముసలి క్లారినెట్ మాస్టర్ చేతిలో పరిశోధక విద్యార్థి ఒక కాగితం పెట్టాడు. మాస్టర్ తండ్రి సంస్థానం బ్యాండులో నేర్చుకున్న ఇంగ్లీషు బాణీకి అది విశ్లేషణ.

“ఏంది సారూ, గింత పెద్ద బాణీకి మూడే స్వరాలు రాసినవ్?”

“పైపై సొగసులన్నీ తీసేసిన ఉస్తాద్. లోపల మిగిలేది గ, రి, స. ఇంగ్లీషు దొరల శాస్త్రీయ సంగీతమంతా గిట్లనే దిగొస్తదని సిద్ధాంతం.”

“దీనికోసం మా అబ్బా పన్నెండేండ్లు నా వీపు పగలగొట్టిండు. నీకెన్ని దినాలు పట్టింది?”

“రెండు.”

“షాబాష్! గద్వాల చీరకు అంచు, కొంగు, బుటాలు తీసేస్తే ఏం మిగుల్తది?”

“నూలు గుడ్డ.”

“మీ ఇంట్ల పెండ్లయితే పెండ్లిపిల్లకు అదే పెట్టు.”

విద్యార్థికి చెవులు వేడెక్కాయి. కానీ ఈయన సంతకం లేనిదే గైడు థీసిస్ ముట్టుకోనన్నాడు.

“విశ్లేషణ సరిగ్గున్నదని జర సంతకం పెట్టుండ్రి. రేపే ఆఖరు తేదీ.”

మాస్టర్ పెన్ను అందుకుని తాపీగా ఒక అడ్డగీత గీశాడు.

“ఇదేంది ఉస్తాద్, ఉత్త గీత?”

“నా సంతకమే సారూ. అక్షరాలన్నీ తీసేస్తే లోపల మిగిలేది గంతే. జరుగు, బస్సొచ్చింది.”