పెద్దోని పేరు

నంద్యాలలో ఒక ఆసుపత్రి. పాత కాగితాల కోసం ఆళ్లగడ్డలోని ఇంటికి పోయి వచ్చిన తండ్రి, ప్రసూతి వార్డు గుమ్మంలో నర్సును ఆపాడు.

"సిస్టరమ్మా, మా బిడ్డకు మడమ కాడ రక్తం తీసి పరీక్షకు పంపండి. అది వచ్చేదాకా టీకా వెయ్యొద్దండి."

"పొద్దున్నే బీసీజీ వేసినాం కదన్నా. పుట్టిన బిడ్డలందరికీ వేసేదే."

"అయ్యో! మా పెద్దోనికి రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే లేదమ్మా. ఆ టీకాలోని క్రిములే ఒళ్లంతా పాకి ఐదో నెల్లో పోయినాడు. ఇంకో బిడ్డ పుడితే ముందు పరీక్ష, తర్వాతే టీకా అని హైదరాబాద్ డాక్టరు రాసిచ్చినాడు. ఇదో, చూడండి."

"కేసు షీట్లో తొలి కాన్పు అని ఉందే! నేనే అడిగి రాసుకుంటి. మీ అమ్మే చెప్పింది."

"పోయినోని మాట పురిటి కాడ ఎత్తగూడదని మా అమ్మ అందరితో ఒట్టేయించింది. నేనూ వేస్తి. ఆ మందు వెనక్కి తీసేకి అయితాదా?"

"కాదన్నా. డాక్టరమ్మను పిలుస్తా, ఇప్పుడే రక్తం తీస్తారు. ముందు షీటు సరిగా రాయల్ల. పెద్దోని పేరేంది?"

"మెల్లగా అడగమ్మా. మా అమ్మ లోపలే ఉంది."

"విననీ. పేరు చెప్పన్నా."

"యశ్వంత్... మా యశ్వంత్."