మేపుల్ తోపులో పెద్దమ్మ సగం

తాతయ్య వదిలి వెళ్లిన మేపుల్ తోపులో తన సగాన్ని పెద్దమ్మ ఇవాళ అమ్మకు రాసిస్తోంది. ఊరి ఆఫీసు ముందు ఆపిన ట్రక్కులో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను వెనక సీట్లో కూర్చుని విన్నాను.

“ఈ కాగితం మీద క్విట్‌క్లెయిమ్ అని ఉంది, అంటే నాతో తెగతెంపులు చేసుకోవడమా, అక్కా?”

“పిచ్చిదానా, నిఘంటువులో చూశాను. పాత ఫ్రెంచి మాటట. ‘ఇక నీమీద నాకు ఏ హక్కూ లేదు, నువ్వు స్వేచ్ఛగా ఉండు’ అని నలుగురిలో గట్టిగా చెప్పడం.”

“అంటే మార్చిలో మేపుల్ చెట్ల రసం పట్టి పాకం కాచేటప్పుడు రావా?”

“తోపు వదులుకుంటున్నాను గానీ నాలుక వదులుకోవడం లేదు. మొదటి గరిటె నాదే.”

“కాగితంలో ఆ మాట లేదే.”

“లేదు. అందుకే నువ్వు పిలవాలి.”

“పిలుస్తా. వస్తే రసం పట్టే బకెట్లన్నీ నువ్వే కడగాలి మరి.”

“ఇరవయ్యేళ్లుగా కడుగుతున్నది ఎవరే? పద, సంతకం పెట్టేసి వద్దాం.”