ఆవిడ చేతి పాకం

మధ్యాహ్నం వేళ, స్టవ్ మీద గిన్నె పెట్టుకుని, ఫోను స్పీకరులో ఉంచి గట్టుకు ఆనించి, ఆమె తన భర్త మొదటి భార్యతో మాట్లాడుతోంది.

"పంచదార కరిగిందా?"

"కరిగిందక్కా. గరిటె కింద గరగర తగలట్లేదు."

"అయితే మంట తగ్గించు. ఇంకా మరిగిందంటే తీగ సాగుతుంది. మనకి కావాల్సింది నీళ్ళలో కలుపుకునే పాకం, ఉండలు చుట్టుకునేది కాదు."

"నిన్న అలాగే అయింది. సీసాలో పోస్తే పొద్దునకి రాయైపోయింది. సీసాతో సహా పారేశాను."

"నిమ్మరసం రెండు చుక్కలు పిండు, గట్టిపడదు. నీ గొంతేంటి అలా ఉంది? ఏడ్చావా?"

"లేదు. ఆవిరి."

"ఆవిరికి గొంతు పూడుకుపోదమ్మాయ్."

"లవంగాలు ఎన్ని వెయ్యమంటారు?"

"లవంగాల సంగతి తర్వాత. డాక్టరు ఏమన్నాడు?"

"ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఏదడిగితే అది పెట్టమన్నాడు. అంతకంటే ఆయనేం చెప్పలేదు, నేనూ అడగలేదు."

"ఊఁ."

"ఈయన చూస్తే ఏదీ అడగట్లేదు. గంజి వద్దు, పాలు వద్దు. ఇదొక్కటే. మసాలా పాకం కలిపిన చల్లటి నీళ్ళు. చెంచాతో అందిస్తే ఒక్క గుక్క మింగి, 'ఆవిడ చేసినట్టు లేదు' అంటారు. మిగతా మాటలన్నీ ముద్దముద్దగా వస్తున్నాయక్కా. ఈ మాట మాత్రం అచ్చు గుద్దినట్టు వస్తుంది. అక్కా? వింటున్నారా?"

"వింటున్నాను. దాల్చినచెక్క వెయ్యి. పొడి కాదు, చెక్కే. పొడి వేస్తే అడుగున మడ్డి ఉందంటాడు."

"వేశాను. మీకు ఫోన్ చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. నంబరు నొక్కడం, కట్ చెయ్యడం, నొక్కడం, కట్ చెయ్యడం. ఏ మొహం పెట్టుకుని..."

"ఏ మొహం పెట్టుకుంటే ఏంటి, ఫోన్లో కనపడదుగా. ఏలకులు చితక్కొట్టావా?"

"కొట్టాను. అనాసపువ్వు కూడా తెప్పించి..."

"అది వద్దు. ఆస్పత్రి వాసనంటాడు."

"మరి మిరియాలు?"

"దంచి వేస్తే గొంతు మండిందంటాడు. దంచకుండా వేస్తే అసలు వేశావా అంటాడు."

"శొంఠి?"

"జ్వరం మందంటాడు."

"అక్కా, ఏమీ అనుకోకండి. ఏది వెయ్యకూడదో చెప్తున్నారు గానీ, ఏది వెయ్యాలో చెప్పట్లేదు."

"లవంగాలు నాలుగు వేసి, స్టవ్ కట్టేసి మూత పెట్టు. వాసన పోనివ్వకు."

"పెట్టాను. నాకు నిజంగా చేతకాదు. ఆయన మంచాన పడేదాకా ఈ పాకం మొహమే ఎరగను."

"ఏంటీ?"

"ఎప్పుడూ చెయ్యలేదు. బాగున్నప్పుడు ఆయనా అడగలేదు. పొద్దున టీ, సాయంత్రం టీ, అంతే."

"ఎప్పుడూ చెయ్యలేదా?"

"లేదక్కా."

"పెళ్ళికి ముందు? ఆఫీసులో పక్కపక్క బల్లలే కదా మీవి. ఇంటినుంచి సీసాలో తీసుకెళ్ళి..."

"బల్ల పక్కనుంటే? పని మాటలు తప్ప పలకరింపులు కూడా లేవు. మీరు వెళ్ళిపోయి, ఆయన హోటలు తిండి తిని తిని చిక్కి సగమయ్యాక, అప్పుడు మాట్లాడాను మొదటిసారి. అంతకుముందు గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇచ్చిన పాపాన పోలేదు."

"ఒట్టు?"

"ఆయన మీద ఒట్టు. ఎందుకలా అడుగుతున్నారు?"

"ఏం లేదు. చల్లారిందేమో చూడు."

"గోరువెచ్చగా ఉంది. అక్కా, ఎందుకు?"

"ఏం లేదన్నానుగా. వడకట్టి, చల్లటి నీళ్ళలో కలిపి పట్టించు. ఫోను అలాగే ఉంచు, నేనుంటాను."

"ఉండండి. పెట్టెయ్యకండి. ఇప్పుడే వస్తాను."

"నిదానంగా వెళ్ళు. తల కాస్త ఎత్తి పట్టు, పొలమారుతుంది."

"అక్కా. వచ్చాను."

"మింగాడా?"

"రెండు చెంచాలు. మొదటిది చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది, దొరికింది కాబోలు అనుకున్నాను. రెండోది మింగాక అన్నారు."

"అదే మాటా?"

"అదే మాట."

"ఆవిడంటే ఎవరని అడగలేదా?"

"అడిగేదేముంది, మీరే కదా. అక్కా, ఒక్కసారి రాగలరా? మీరు వంటింట్లోకొచ్చి చెయ్యండి, నేను అడ్డు రాను. గదిలోకెళ్ళి మీ చేత్తోనే పట్టండి, నేను బయట కూర్చుంటాను. నాకేం చిన్నతనం లేదు. ఆ ఒక్క గుక్క తృప్తిగా మింగితే చాలు."

"నేనొచ్చి ఏం చెయ్యను?"

"పాకం. మీ పాకం."

"పిచ్చిదానా. కాపురం చేసినన్నాళ్ళూ చేశాను. చెక్క మార్చాను, నీళ్ళు మార్చాను, గిన్నెలు మార్చాను. ఒక్క గ్లాసు కూడా తను ఆ మాట అనకుండా కింద పెట్టలేదు."

"ఏ మాట?"

"ఆవిడ చేసినట్టు లేదని. ఎవరావిడ అంటే నవ్వి ఊరుకునేవాడు."

"అంటే, మీరు కాదా?"

"కాదు."

"మరి వాళ్ళమ్మా?"

"ఆవిడ ఈయన్ని కని, కన్ను మూసింది. పెంచింది నాన్న. అక్కచెల్లెళ్ళు లేరు."

"మరెవరు? అక్కా, మరెవరు? టైము లేదక్కా. మీకు తెలిసే ఉంటుంది, చెప్పండి. కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను."

"నువ్వనుకున్నాను, తల్లీ. నువ్వే అనుకుని, ఒక్క మాటైనా అడక్కుండా ఆ ఇల్లు వదిలి వచ్చేశాను."