అర చుట్ట సేపు

ఏసోబు ఉన్నాడు చూడు, మన పంటకాలవ తలుపు దగ్గర లస్కరు. ఇరవై ఏడేళ్ళుగా ఆ తలుపు ఎత్తిందీ దించిందీ ఆయన చేతులేనంట. వంతు నీళ్ళు కదా, వంతుకీ వంతుకీ మధ్యన కాలవ ఎండిపోద్ది. అడుగున మిగిలిన మడుగుల్లో ఆడాళ్ళు బట్టలుతుకుతారు, గేదెలు పడుకుంటాయి. అందుకని ఆయనేం చేసేవాడంటే, గట్టెంట రేవు దాకా పోయి "నీళ్ళొదుల్తన్నానర్రోయ్" అని మూడు కేకలేసి, వెనక్కొచ్చి చుట్ట ముట్టించేవాడు. చుట్ట సగం కాలేసరికి కాలవలో కుక్కపిల్ల కూడా ఉండేది కాదనుకో. అప్పుడు చక్రం తిప్పేవాడు.

ఏమైందంటే, తలుపుకి మోటారు పెట్టారు, కెమెరా పెట్టారు. ఇంక టౌను ఆఫీసులో కూచుని ఫోన్లో నొక్కితే చాలంట. ఏసోబు ఒద్దన్నాడు. కొత్త మిషనంటే భయపడ్డాడన్నారు, భయం పోవాలని ట్రైనింగిచ్చారు. మళ్ళీ ఒద్దన్నాడు. మళ్ళీ ట్రైనింగు. మూడుసార్లు, అదే ఫోను, అదే బొత్తం. మార్పుకి అడ్డంపడేవాడు అభివృద్ధికి శత్రువని ఓ పెద్దసారు ఉపన్యాసం కూడా ఇచ్చాడంట. శ్రమజీవే జగతికి మూలమని మేడే నాడు గోడలనిండా రాస్తాం కదా, ఆ శ్రమజీవిని ఎందుకయ్యా ఒద్దంటన్నావని అడిగినోడు మాత్రం ఒక్కడు లేడు.

మొదటిసారి నొక్కే రోజొచ్చింది. కొత్త ఇంజనీరమ్మ, స్రవంతి గారు, టౌన్లో కెమెరా చూస్తే ఏముంది, తలుపు కింద కాలవ మధ్యన రాయి మీద కూచుని ఏసోబు చుట్ట కాలుస్తన్నాడు. ఫోన్ చేసి, లేవండి ఏసోబు గారూ, మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు అందంట.

"ఉద్యోగం కాదమ్మగారూ. ఇన్నేళ్ళలో నా నీళ్ళకి ఒక్క మనిషి పోలేదు. రేపెవరన్నా పోతే తమరు ఒదిలారనరు, ఏసోబు ఒదిలాడంటారు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. స్కూటరేసుకొచ్చింది. రేవు చూసింది, కెమెరాకి ఆనని ఒంపులో బట్టలుతికే అప్పలకొండని చూసింది. కేకేశాక ఎంతసేపు ఆగుతారు అనడిగింది. అర చుట్ట సేపన్నాడు. గడియారం పెట్టి చూస్తే పదకొండు నిమిషాలు. లస్కరు కేకేసి పదకొండు నిమిషాలు అయ్యాకే, అదీ లస్కరే నొక్కాలి అని ఆర్డరు రాయించింది, మహాతల్లి.

ఇప్పుడు ఫోను ఏసోబు చొక్కా జేబులోనే ఉంటది. కేకేస్తాడు, కాలుస్తాడు, నొక్కుతాడు. ఆ దగ్గేంటి, చుట్ట మానెయ్యమని పెళ్ళాం పోరతా ఉంటే ఏమంటాడో తెలుసా, నాదేముందే, సర్కారు ఆర్డరంటాడు.