రేకుల మీద పాకురు

ఏందే రశ్మీ, నిచ్చెనెక్కినవ్? పాకురు గీకుతవా? ఆ మూతిగుడ్డ జర తీసి మాట్లాడు, ఏమంటున్నవో సమజైతలేదు. ఔ, సిమెంటు రేకుల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని ఫోన్‌ల వీడియోల చెప్పిన్రు, నిజమే. మరి తడపకుండ ఆ తీగల బ్రష్ ఎందుకు పట్టినవ్? మీ తాతయితే ముందుగాల బకిట్లకు బకిట్ల నీళ్లు కొట్టి, అంతా నానినంక కొబ్బరి చీపురుతోని తోసెటోడు. ఆయనకు ఊపిరితిత్తుల సంగతి ఎరుకలేదు. ఎండిన పాకురు గీకితే బూడిద లెక్క లేసి నా పప్పుల పడ్తదని నేనే లొల్లి చేసిన. ఎక్కకు, ఆడనే నిలవడు, చెప్త. ఆబిడ్స్‌ల బట్టల దుకాణంల చేసెటోడు కద, ఆరు దినాలు ఇస్త్రీ అంగీ, నల్ల బూట్లు. ఐతారం వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి రేకులెక్కెటోడు. పక్కింటి కరుణాకర్ గోడ మీదికెల్లి తొంగి చూసి, "ఏంది వెంకటేశం సాబ్, పెండ్లాం మీద అలిగిన్రా?" అనెటోడు. ఈయన ఊకుంటడా? "అలిగితే మీ ఇంటికే వస్త, చాయ్ పెట్టమను" అనెటోడు. కరుణాకర్ చాయ్ ఎంత పల్చగుండెనో… ఆఁ, ఏం చెప్తున్న? రేకులు.

రేకు మీద యాడ పడితే ఆడ కాలు పెట్టొద్దు బిడ్డా, పగుల్తది. కింద దూలం ఉన్నకాడనే అడుగెయ్యాలె. దూలం వెంబడి బోల్టులుంటయి, అవి చూసుకుంట నడవొచ్చు గని, పాకురు కమ్మినంక బోల్టులు యాడ కనవడ్తయి? అందుకే నన్ను ఇంట్లకు తోలెటోడు. నేను మంచమెక్కి చీపురు కట్టెతోని దూలాన్ని టక్కు టక్కుమని కొట్టాలె, ఆయన పైన ఆ సప్పుడు పట్టుకొని కాలు పెట్టాలె. "ఉన్నవా?" "ఉన్న." "మరి కొట్టవేందే?" "చేతులు గుంజుతున్నయయ్యా." "నీ చేతులు గుంజితే నా కాళ్లు ఇంట్లకొస్తయి, కొట్టు!" గట్ల మాట్లాడుకుంట ఇల్లంతా దాటెటోళ్లం, ఆయన మీద, నేను కింద. ఒక్క రేకు కాడ మాత్రం మాటలుండవు. అది పగిలింది, డాంబర్ పూసిన గుడ్డ అతికిచ్చిండు. దాని కింద దూలం కూడ పుచ్చిపోయింది. "గీడ కొట్టకు, నేనే దాటుకుంట" అనెటోడు. ఆయన మళ్ల పిలిచేదాక నేను చీపురు కట్టె పైకెత్తి పట్టుకొనే ఉండెటిదాన్ని.

ఏ రేకా? గదే కద చెప్తున్న. రైలు టేసన్ దిక్కుకెల్లి మూడోది. కాదు, ఆగు. ఆ దిక్కు అప్పుడు వంటిల్లుండె. మంచమెక్కి నిలవడితే నా ఎడమ చేతి దిక్కు… మంచం యాడేసెటోళ్లం? కిందికెల్లి చూద్దామంటే మీ నాయిన ప్లాస్టిక్ సీలింగ్ కొట్టిచ్చె. మీ తాత పోయినంక రేకులెక్కినోళ్లే లేరు. నాకాయన దగ్గు యాదికున్నది. లుంగీ మీద గీతలు యాదికున్నయి. ఇగ ఇది యాదికుండదా? మూడోదే. ఔ, మూడోదే.

ఏయ్, ఎక్కకు! నేనన్ననని కాలు పెడ్తవా? నోరు మూడోదంటున్నది గని కండ్ల ముంగట రేకు కనవడ్తలేదే. నాకు యాదికి లేదు రశ్మీ. మరిచిపోయిన. ఆ ఒక్క మాట అననీకి మనసొప్పక ఇంతసేపు తిప్పి తిప్పి చెప్తున్న. దిగు. రేకులేసే పనోళ్లనే పిలుద్దాం, పలకలేసుకొని ఎక్కుతరు. లేదంటే పాకురే ఉండనీ, అదేం మనల్ని తింటదా? దిగినవా? మంచిది. జర వంటింట్లకు పోయి చూసిరా బిడ్డా, పొయ్యి మీద నేనేమన్న పెట్టిన్నా?