పదకొండో పేరు

షాద్‌నగర్ బస్టాండు ఎదుటి కంప్యూటర్ సెంటర్లో మధ్యాహ్నం పూట ఇద్దరే ఉన్నారు, సెంటర్ నడిపేవాడూ, ఫ్లాపీ తెచ్చినవాడూ. తెర మీద క్రికెట్ ఆట ఆగి ఉంది.

“కొత్త టీముల ఫైలు తెచ్చిన. ఎక్కియ్యి.”

“జర ఆగు భాయ్. ముందుగాల పాత ఫైలు కాపీ చేసుకోవాలె. లేకుంటే పాత పేర్లన్ని పోతయి.”

“పోనీ. మన గల్లీ పేర్లే గద, మనమే టైపు కొట్టినం.”

“అండ్ల మీ తమ్ముడున్నడు. ఆజం. పదకొండో నంబర్ల.”

“తియ్యలేదా?”

“వాడు చనిపోయినంక తియ్యబుద్ధి కాలే.”

“అంటే ఇంకా ఆడుతున్నడా?”

“రోజూ ఆడుతున్నడు. వచ్చేటోళ్లు ఆడిస్తరు. ఆ పేరు ఎవరిదో వాళ్లకెర్క లేదు.”

“సరే, కాపీ చెయ్యి.”

“అయ్యింది. ఇగ కొత్తది ఎక్కియ్యాల్నా?”

“ఒక్క మ్యాచ్ ఆడినంక. ఆజంను ఓపెనింగ్ దించు.”

“మొదటి బాల్‌కే ఔటైతడు భాయ్. వానికి బ్యాటింగ్ గంతే పెట్టినం.”

“ఔటైతే మళ్ల మొదటికెల్లి పెట్టు. ఈ ఆటల అట్ల పెట్టొస్తది గద.”